మాక్‌బెత్: జోస్యం, రాజ్యకాంక్ష, హత్య – తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలోనో ఎం.ఏ.లోనో షేక్‌స్పియర్ రాసిన ఈ నాటకం చదివేవాళ్లు, సినిమా చూసి మూలం వెతుక్కునేవాళ్లు, కాలేజీ వేదిక మీద వేద్దామనుకునేవాళ్లు – ఎవరొచ్చినా తిరిగి తిరిగి అవే సందేహాలు. అందుకే ఒకచోట పెట్టాం. ఉదాహరించిన మాటలకు తెలుగు మాదే.

## చదవడానికి ముందు

కథ నాలుగు ముక్కల్లో చెప్పండి, మిగతాది మేం చదువుకుంటాం

స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్ యుద్ధం గెలిచి, తోటి సేనాని బాంక్వోతో కలిసి తిరిగి వస్తుంటాడు. ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, నువ్వు రాజువవుతావని అతనితోనూ, నీ సంతానం రాజులవుతారని బాంక్వోతోనూ అంటారు. మాక్‌బెత్ భార్యతో కూడబలుక్కుని, తన ఇంటికి అతిథిగా వచ్చిన డంకన్ రాజును నిద్రలో పొడిచి చంపి గద్దెనెక్కుతాడు. ఆ గద్దె కాపాడుకోవడానికి బాంక్వోను, ఆపైన ఫైఫ్ సామంతుడు మాక్‌డఫ్ భార్యాబిడ్డలను చంపిస్తాడు. భార్య మతి చెదిరి చనిపోతుంది. చివరికి మాక్‌డఫ్ చేతిలో అతని తల తెగుతుంది.

మాక్‌బెత్ అనే రాజు నిజంగా ఉన్నాడా?

ఉన్నాడు. 1040 నుంచి 1057 దాకా పదిహేడేళ్లు స్కాట్లండ్‌ను ఏలాడు. నాటకంలో డంకన్ తెల్లజుట్టు పెద్దాయనలా కనిపిస్తాడు గానీ, చరిత్రలోని డంకన్ వయసులో ఉన్నవాడు, చనిపోయింది పోరులో. 1050లో మాక్‌బెత్ రోముకు తీర్థయాత్ర వెళ్లొచ్చాడు. నెలల తరబడి రాజ్యం వదిలి వెళ్లగలిగాడంటే సింహాసనం అంత వణుకుతూ లేదనే అర్థం. 1057లో లుంఫానన్ దగ్గర జరిగిన పోరులో పోయాడు. షేక్‌స్పియర్ ఈ కథను హాలిన్‌షెడ్ చరిత్ర సంకలనం నుంచి తీసుకున్నాడు. అయితే అతిథిని పడకమీద చంపడం, భార్య ఎగదోయడం ఆ పుస్తకంలో డఫ్ అనే మరో రాజు కథలోవి. రెండు కథలను కలిపి కుట్టాడన్నమాట. బాంక్వో అసలు చరిత్రలోనే లేడు, పాత చరిత్రకారుల కల్పన.

ఎప్పుడు రాశాడు? ఏరికోరి స్కాట్లండ్ కథే ఎందుకు?

1606 ప్రాంతంలో. అప్పటికి మూడేళ్ల క్రితం, 1603లో, స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కూ రాజయ్యాడు. షేక్‌స్పియర్ బృందాన్ని తన పేర రాజబృందం చేసుకున్నాడు. తన వంశం బాంక్వో నుంచి దిగిందని నమ్మేవాడు. మంత్రగత్తెల మీద 1597లో ఒక పుస్తకమే వేసినవాడు. దానికి తోడు 1605 నవంబరు 5న పార్లమెంటును, రాజుతో సహా, మందుగుండుతో పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. రాజహత్య అన్న మాట అప్పటికి ఊళ్లో వేడివేడిగా ఉంది. ఇది రాజుకు ముఖస్తుతి అని తేల్చేసేవాళ్లున్నారు. ఒక స్కాట్లండ్ రాజు ఏలుతుండగా స్కాట్లండ్ రాజును పడకమీద చంపే కథ ఆడటం మాత్రం ముఖస్తుతి చేసేవాడికి ఉండే ధైర్యం కాదు.

వాళ్లు మంత్రగత్తెలా, విధిదేవతలా?

రెండూ అనిపించేలా రాశాడు. సంభాషణల్లో వాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘వియర్డ్ సిస్టర్స్’. ఆ ‘వియర్డ్’ పాత ఇంగ్లీషులో విధి అన్న మాట నుంచి వచ్చింది, ఇప్పటి ‘వింత’ అన్న అర్థం అప్పుడు లేదు. అదే సమయంలో వాళ్లు చేసే పనులు పల్లెటూరి మంత్రగత్తెలవి: పందుల్ని చంపడం, చెస్ట్‌నట్ గింజలు పెట్టని పడవవాడి పెళ్లాం మీద పగబట్టడం. ఆ పడవ సంగతిలోనే వాళ్ల హద్దు కూడా చెప్పేస్తాడు: ‘వాడి పడవ మునగదు, కానీ తుఫానుకు ఊగుతుంది.’ ఊపగలరు, ముంచలేరు.

## మొదటి జోస్యం

మంత్రగత్తెలు అసలు ఏం చెప్పారు? మాటకు మాట కావాలి

మొదటి అంకం, మూడో రంగం. మాక్‌బెత్‌కు మూడు జైకొట్లు: గ్లామ్స్ సామంతుడికి జయం, కాడర్ సామంతుడికి జయం, ఇకమీదట రాజయ్యేవాడికి జయం. బాంక్వోకు మూడు మెలికలు: మాక్‌బెత్ కంటే తక్కువ, కానీ ఎక్కువ, అంత అదృష్టవంతుడు కాదు, కానీ ఇంకా అదృష్టవంతుడు, రాజువు కావు, కానీ రాజులను కంటావు. ఇంతే. చంపమని గానీ, ఎప్పుడు ఎలా అవుతావని గానీ ఒక్క ముక్క లేదు.

వాళ్లు చెప్పకపోతే మాక్‌బెత్ చంపేవాడు కాదు కదా? మరి తప్పు జోస్యానిదే కదా?

అందరూ అడిగేది ఇదే. ఆ మూడు జైకొట్లను మళ్లీ చూడండి. గ్లామ్స్ పదవి తండ్రి పోయాక అతనికి వచ్చేసింది, అది జరిగిపోయినది. కాడర్ పదవిని డంకన్ అంతకుముందు రంగంలోనే, మన కళ్లముందే, మాక్‌బెత్‌కు రాసిచ్చేశాడు. ఆ కబురు అతనికింకా చేరలేదంతే. అంటే మూడింట్లో నిజంగా భవిష్యత్తు ఒక్కటే. ఒకటి తెలిసిన నిజం, ఒకటి దారిలో ఉన్న నిజం, వాటి పక్కన తెలియనిదొకటి. వల పన్నిన తీరు అది. సోదె చెప్పేవాళ్లు ముందు మన ఇంటి సంగతి చెప్పి ఆ తరవాతే రేపటి సంగతి ఎత్తుకోవడం ఎరిగిన తెలుగువాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

ఇక రెండో సగం. రాజువవుతావన్న మాట వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. ‘ఇంత మంచి మాటకు భయపడతావేం?’ అని బాంక్వో అడుగుతాడు. కాసేపటికి మాక్‌బెత్ స్వగతంలో జుట్టు నిక్కబొడిచే ఒక దృశ్యం, ‘హత్య’ అన్న మాట వస్తాయి. మంత్రగత్తెలు కిరీటం అన్నారు, కత్తి అన్నది అతని మనసు. కాడర్ పదవి ఏ ప్రయత్నమూ లేకుండా వచ్చింది కాబట్టి కిరీటమూ అలాగే రావచ్చని అతనే ఒకసారి అనుకుంటాడు కూడా: ‘విధి నన్ను రాజును చేయదలిస్తే, నేను కదలకుండానే చేయొచ్చు.’ ఆ దారి తెలిసీ వదిలేశాడు. జవాబు రాసేటప్పుడు ఈ వాక్యం తప్పక ఎత్తండి. తప్పు ఎవరిదన్న వాదం దీని దగ్గరే తేలుతుంది.

బాంక్వో కూడా అక్కడే ఉన్నాడు. అతనెందుకు చెడిపోలేదు?

మాట వెనక మాయ ఉండొచ్చని వెంటనే అనుమానించాడు: చీకటి శక్తులు చిన్న చిన్న నిజాలు చెప్పి నమ్మించి, పెద్ద విషయంలో ముంచుతాయని మాక్‌బెత్‌నే హెచ్చరిస్తాడు. అలాగని అతన్ని మరీ పులుకడిగిన ముత్యం చేయకండి. రెండో అంకంలో నిద్రపోతే పాడు ఆలోచనలు వస్తున్నాయంటాడు. మూడో అంకం మొదట్లో, మాక్‌బెత్ అన్యాయంగానే గెలిచాడని అనుమానపడుతూ కూడా నోరు మెదపడు. తన వంతు జోస్యం కూడా ఫలిస్తుందేమోనన్న ఆశ ఆ మౌనం వెనక ఉంది. తేడా చేతిలో ఉంది: ఆశ ఇద్దరికీ పుట్టింది, కత్తి ఒక్కడే పట్టాడు.

కంసుడికి ఆకాశవాణి చెప్పినట్టే కదా ఇది?

సగం పోలిక కుదురుతుంది. ఇద్దరూ ఒక మాట విని, దాని వెంటపడి పసివాళ్లను చంపేదాకా వెళ్లారు. కానీ కంసుడు విన్నది చావు కబురు, మాక్‌బెత్ విన్నది పట్టాభిషేకం కబురు. కంసుడు జోస్యాన్ని ఆపాలని చంపుతాడు, మాక్‌బెత్ జోస్యాన్ని తొందరపెట్టాలని చంపుతాడు. బాంక్వో కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అచ్చం కంసుడే.

మాల్కమ్‌ను యువరాజుగా ప్రకటిస్తే మాక్‌బెత్‌కు అంత కోపమెందుకు? రాజు కొడుకే రాజు కదా?

ఆ కాలపు స్కాట్లండ్‌లో పెద్దకొడుకుకే గద్దె అన్న నియమం స్థిరపడలేదు. రాజబంధువుల్లో సమర్థుణ్ణి ఎంచుకునేవాళ్లు. డంకన్‌కు మాక్‌బెత్ దగ్గరి బంధువు, యుద్ధం గెలిచినవాడు, ఆశపడటంలో వింత లేదు. నాలుగో రంగంలో కొడుకును కంబర్లండ్ యువరాజుగా ప్రకటించి డంకన్ ఆ తలుపు మూసేశాడు. దాన్ని మాక్‌బెత్ మెట్టు అంటాడు: తట్టుకుని పడాలి, లేదా దూకి దాటాలి.

## ప్రలోభం

హత్య చేయించింది లేడీ మాక్‌బెతేనా?

ఆలోచన ఆమెది కాదు, తెగింపు ఆమెది. ఆమె వేదిక మీదికి రాకముందే మాక్‌బెత్ నోట హత్య మాట వచ్చేసింది. ఆమె చేసింది ఏడో రంగంలో, వెనక్కి తగ్గినవాణ్ణి మళ్లీ లాగడం. ఎలా లాగిందో వరసగా చూడండి. ముందు ప్రేమ మీద దెబ్బ: నీ ప్రేమ కూడా ఇంతేననుకుంటాను. తరవాత మగతనం మీద: చేస్తానన్నప్పుడు మగాడివి. ఆపైన తన పాలుతాగే బిడ్డనైనా నేలకేసి కొట్టేదాన్ననే భయంకరమైన పోలిక. చివరికి పథకం: ఇద్దరు పడకగది కాపలావాళ్లకు సారా పట్టించి, నేరం వాళ్ల మీదికి తోయడం. పథకం వినేదాకా మాక్‌బెత్ ఒప్పుకోలేదు. నీతి కంటే ముందు అతన్ని పట్టి ఆపింది దొరికిపోతామన్న భయమేనని తెలిసేది అక్కడే.

మాక్‌బెత్ భార్యకు రాసిన ఉత్తరంలో గమనించాల్సింది ఏమన్నా ఉందా?

ఉంది, చాలామంది దాటేస్తారు. ఉత్తరంలో తన జోస్యం అంతా రాశాడు, బాంక్వో పిల్లలు రాజులవుతారన్న సంగతి రాయలేదు. ‘నా ఘనతలో పాలు పంచుకునే ప్రియ సహచరీ’ అని పిలుస్తూనే సగం దాచాడు. ఆ దాచిన సగమే తరవాత ఆమెకు చెప్పకుండా బాంక్వోను చంపించడం దాకా పోతుంది.

వాళ్లకు పిల్లలున్నారా లేరా?

నాటకంలో కనిపించరు. తాను బిడ్డకు పాలిచ్చానని ఆమె అంటుంది. గొడ్డు రాజదండం చేతికిచ్చారని మూడో అంకంలో మాక్‌బెత్ ఏడుస్తాడు. చరిత్రలో ఆమె పేరు గ్రూఓక్, మొదటి భర్త వల్ల లూలాక్ అనే కొడుకున్నాడు. కానీ నాటకం ఆ సంగతి ఎత్తదు. పరీక్షలో దీని మీద పేజీలు నింపకండి.

హత్య వద్దనడానికి మాక్‌బెత్‌ చెప్పుకున్న కారణాలేమిటి?

ఏడో రంగం స్వగతంలో వరసగా: చేసిన పాపం ఇక్కడే తిరిగి తగులుతుంది, నేను అతని బంధువుని, సేవకుణ్ణి, ఆతిథ్యమిచ్చేవాణ్ణి, హంతకుడికి తలుపు మూయాల్సినవాణ్ణి, డంకన్ మెత్తని రాజు, లోకం కన్నీరు కారుస్తుంది. చేయమనడానికి మిగిలింది ఒక్కటే: ఎగిరి దూకే రాజ్యకాంక్ష. ఎక్కబోయి జీనును దాటి అవతల పడే రౌతు బొమ్మ అది. వద్దనడానికి అన్ని కారణాలు తెలిసీ చేస్తాడు, అందుకే ఇతను ఉత్త దుర్మార్గుడు కాక విషాదనాయకుడయ్యాడు.

## హత్య రాత్రి

అంత ముఖ్యమైన హత్యను వేదిక మీద ఎందుకు చూపించలేదు?

చూపిస్తే డంకన్ మీద జాలి ముందుకొస్తుంది. చూపించకపోవడంతో మన చూపు చేసినవాళ్ల మీదే నిలుస్తుంది. గంట మోగుతుంది, మాక్‌బెత్ లోపలికి వెళతాడు, బయట భార్య గుడ్లగూబ అరుపుకు ఉలిక్కిపడుతుంది. ఆ తరవాత మాటలు కూడా తెగిపోతాయి: ‘ఎప్పుడు?’ ‘ఇప్పుడే.’ ‘దిగి వస్తుండగానా?’ చదివేటప్పుడు ఈ చోటు బయటికి చదవండి, ఊపిరి ఆడనట్టు ఉంటుంది.

పథకం ఎక్కడ బెడిసింది?

మొదటి పొరపాటు, కత్తుల్ని కాపలావాళ్ల దగ్గర వదలకుండా చేతిలోనే పట్టుకొచ్చాడు. తిరిగి వెళ్లమంటే వెళ్లలేకపోయాడు, ఆమె వెళ్లి పెట్టివచ్చింది, ఆమె చేతులకూ నెత్తురంటింది. రెండోది అసలు కొంప ముంచింది: తెల్లారి హత్య బయటపడగానే కోపం పట్టలేకపోయానంటూ ఆ కాపలావాళ్లను చంపేశాడు. నోరు మూయించాననుకున్నాడు. ‘ఎందుకలా చేశావు?’ అన్న ప్రశ్న మాక్‌డఫ్ నోట అప్పుడే వచ్చింది. పట్టాభిషేకానికి మాక్‌డఫ్ వెళ్లకపోవడానికి బీజం అక్కడ పడింది.

హత్య కాగానే తాగుబోతు కావలివాడి హాస్యమేమిటి?

మూడు పనులు చేస్తుంది. నరకద్వారం కావలివాణ్ణని నటిస్తూ ఆ కోట ఇప్పుడు నరకమేనని చెప్పేస్తాడు. లోపలికి పిలిచేవాళ్లలో రెండు నాలుకల వాడొకడు, ఏ పక్కకైనా ప్రమాణం చేయగలవాడు. మందుగుండు కుట్ర కేసులో 1606లో ఉరిపడ్డ మతగురువు హెన్రీ గార్నెట్ సమాధానాలు అప్పటి ప్రేక్షకులకు గుర్తొచ్చి ఉంటాయి. మంత్రగత్తెల భాషా అదే, రెండు నాలుకలది. ఇక మూడోది ఉత్త రంగస్థల అవసరం: చేతులు కడుక్కుని రాత్రి దుస్తులు వేసుకోవడానికి మాక్‌బెత్ పాత్రధారికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

## గద్దెనెక్కాక

జోస్యాన్ని నమ్మినవాడు బాంక్వోను ఎందుకు చంపించాలి?

ఇదే అతని తర్కంలోని చీలిక. తన గురించి చెప్పింది విధి అనుకున్నాడు, బాంక్వో గురించి చెప్పింది మాత్రం ఆపగలిగేది అనుకున్నాడు. ముగ్గురు హంతకుల్ని పంపితే బాంక్వో పోయాడు, కొడుకు ఫ్లియాన్స్ చీకట్లో తప్పించుకున్నాడు.

ఆ మూడో హంతకుడు ఎవరు?

చెప్పలేదు. మాక్‌బెత్ తానే మారువేషంలో వచ్చాడన్న ఊహ ఉంది గానీ, తరవాతి రంగంలో ఫ్లియాన్స్ తప్పించుకున్నాడని విని అతను నివ్వెరపోవడం ఆ ఊహకు అడ్డం. తన మనుషుల్నే నమ్మని రాజు ఇంకొకణ్ణి పంపాడన్నది సరిపోతుంది.

విందులో బాంక్వో దయ్యం నిజమా, భ్రమా?

నాటకం మొదటిసారి అచ్చయిన 1623 ముద్రణలో దయ్యం ప్రవేశిస్తుందని, మాక్‌బెత్ చోట్లో కూర్చుంటుందని స్పష్టంగా ఉంది. మిగతా ఎవరికీ కనబడదు. హత్యకు ముందు మాక్‌బెత్‌కు గాలిలో కనిపించే కత్తి విషయంలో అలాంటి రంగసూచన లేదు. పాత ప్రేక్షకులకు దయ్యం దయ్యమే, మన కాలపు దర్శకులు ఖాళీ పీట చూపిస్తారు. రెండూ చెల్లుతాయి.

రెండోసారి జోస్యాల్లో ఏం చెప్పారు? ఎలా మోసపోయాడు?

నాలుగో అంకం మొదటి రంగం. మంత్రగత్తెలు రప్పించిన మూడు రూపాలు మాట్లాడతాయి. ఇనుపటోపీ తల: మాక్‌డఫ్‌తో జాగ్రత్త. నెత్తుటి శిశువు: స్త్రీకి పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడు. కిరీటంతో, చేతిలో కొమ్మతో ఉన్న శిశువు: బర్నం అడవి డన్సినేన్ కొండకు నడిచొచ్చేదాకా నీకు ఓటమి లేదు. మొదటిది సూటి హెచ్చరిక, మిగతా రెండూ దాన్ని చెరిపేసేంత తియ్యనివి. చిత్రమేమిటంటే జవాబు బొమ్మల్లోనే ఉంది: నెత్తుటి శిశువు తల్లి కడుపు కోసి తీసిన మాక్‌డఫ్, కొమ్మ పట్టిన శిశువు కొమ్మలు నరకమనే మాల్కమ్. అతను చెవులతో విన్నాడు, కళ్లతో చూడలేదు.

హిరణ్యకశిపుడి వరం ఇక్కడ గుర్తొస్తే సహజమే, పగలూ రాత్రీ కాని వేళలాంటి సందే ఇక్కడా ఉంది. కానీ అతను తన షరతులు తానే రాసుకున్నాడు, ఇతనికి వాళ్లు రాసిచ్చారు.

మంత్రగత్తెల దేవత హెకటి వచ్చే రంగం వదిలేసి చదవొచ్చా?

వదిలేయొచ్చు. మూడో అంకం ఐదో రంగాన్ని, పాటల్ని థామస్ మిడిల్టన్ చేర్చాడని ఎక్కువమంది పరిష్కర్తలు భావిస్తారు. ఆ పాటలు అతని ‘ది విచ్’ నాటకంలో పూర్తిగా దొరుకుతాయి.

## చివరి అంకం

నిద్రలో నడిచే రంగంలో ఆమె మాటలు అతుకూ బొతుకూ లేకుండా ఉన్నాయే?

అవి పాత రంగాల ముక్కలు. ‘ఒకటి, రెండు, ఇక వేళయింది’ హత్య రాత్రి. ‘ఆ ముసలాయనలో అంత నెత్తురుందని ఎవరనుకున్నారు?’ డంకన్. ‘ఫైఫ్ సామంతుడికి భార్య ఉండేది’ మాక్‌డఫ్ ఇల్లాలు. ‘బాంక్వోను పూడ్చేశారు’ విందు. రెండో అంకంలో ‘కాసిని నీళ్లు చాలు’ అన్న మనిషి ఇప్పుడు అరేబియా అత్తరులన్నీ చాలవంటుంది. ఇంకో సంగతి, అంతదాకా పద్యంలో మాట్లాడిన ఆమె ఇక్కడ వచనంలోకి జారింది. మనసు కట్టు తప్పిందని లయే చెబుతోంది.

అడవి నడవడమంటే?

మాక్‌బెత్ మీదికి వచ్చే సైన్యం లెక్క తెలియకుండా ఒక్కో సైనికుడు ఒక్కో కొమ్మ నరికి ముందు పట్టుకోమని మాల్కమ్ ఆజ్ఞ. బర్నం, డన్సినేన్ రెండూ పెర్త్‌షైర్‌లో ఉన్న చోట్లే, మధ్య దూరం దాదాపు 20 కిలోమీటర్లు.

కడుపు కోసి తీసినా స్త్రీకి పుట్టినట్టే కదా? ఇది అన్యాయం కాదా?

ఆ కాలంలో కోత అంటే చాలావరకు చనిపోయిన, చనిపోతున్న తల్లి కడుపు నుంచి బిడ్డను తీయడమే. దాన్ని కాన్పుగా లెక్కించకపోవడమే ఇందులోని మెలిక. మాటతో ఆడిన ఆటే, మాక్‌బెత్ కూడా అదే అంటాడు: చెవికి ఇచ్చిన మాట నిలబెట్టి, ఆశకు ఇచ్చినది విరిచేస్తారు.

బాంక్వో వంశానికి రాజ్యం రానే లేదు, ఆ జోస్యం తప్పిందా?

నాటకం ముగిసేసరికి రాజు మాల్కమే, ఫ్లియాన్స్ మళ్లీ కనబడడు. నాలుగో అంకంలో మంత్రగత్తెలు మాక్‌బెత్‌కు చూపించే, వరసగా నడిచే ఎనిమిది మంది రాజులే జవాబు. చివరివాడి చేతి అద్దంలో ఇంకా ఎందరో కనబడతారు. జేమ్స్ వంశమైన స్టూవర్టులు బాంక్వో సంతతి అన్న నమ్మకం ప్రకారం ఆ వరస చేరేది జేమ్స్ దగ్గరికే. ఫలించిన జోస్యం అప్పుడు గద్దె మీద కూర్చుని ఉంది.

## వేదిక మీద వేసేవాళ్లకు

ఎంతసేపు పడుతుంది? ఏవి కోయొచ్చు?

సుమారు 2,100 పంక్తులు, షేక్‌స్పియర్ విషాదాల్లో అతి చిన్నది. విరామం లేకుండా రెండు గంటల పైచిలుకు. హెకటిని కోయండి. నాలుగో అంకం మూడో రంగాన్ని, మాల్కమ్ మాక్‌డఫ్‌ను పరీక్షించేదాన్ని, సగానికి తగ్గించొచ్చు. కావలివాణ్ణి మాత్రం కోయకండి, మాక్‌బెత్ చేతులు తడితోనే వేదికెక్కాల్సి వస్తుంది.

ఇంగ్లీషు దుస్తులూ కోటలూ లేకుండా మన పద్ధతిలో వేయొచ్చా?

వేయొచ్చు. బి.వి. కారంత్ 1979లో జాతీయ నాటక పాఠశాలకు హిందీలో ‘బర్నం వన’ పేరుతో యక్షగాన పద్ధతిలో చేశారు. మంత్రగత్తెల మాటల లయ మిగతావాళ్లకంటే పొట్టిది, కొట్టినట్టు సాగేది. అనువాదంలో ఆ తేడా పోతే వాళ్లు మామూలు ముసలమ్మలైపోతారు, జాగ్రత్త.

నెత్తురు ఎలా చేయాలి? దుస్తులు పాడవుతున్నాయి

ఒక కప్పు కార్న్ సిరప్, ఒకటి రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, అర చెంచా కోకో పొడి, ఒక చెంచా ద్రవ సబ్బు. కోకో లేకపోతే లైట్ల కింద రంగు గులాబీగా తేలిపోతుంది. సబ్బు లేకపోతే మరక వదలదు. పంచదార పాకం వాడితే ఆరి గడ్డకట్టి చేతులు అతుక్కుంటాయి. ముందు రోజు దుస్తుల మూల మీద రాసి, ఉతికి చూడండి. మాక్‌బెత్ లోపలికి వెళ్లి తిరిగొచ్చే మధ్య లేడీ మాక్‌బెత్ మాటలు 13 పంక్తులే, నిమిషం కూడా లేదు. తెర పక్కన గిన్నె పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా ఉండాలి, రెండు కత్తులకూ రెండు చేతులకూ అతనే పూయాలి. పాత్రధారి తనంతట పూసుకుంటే పిడి జారి కత్తి చేతిలోంచి పడిపోతుంది.

ఈ నాటకం పేరు పలికితే అరిష్టమంటారు, నిజమా?

ఇంగ్లీషు నటుల నమ్మకం అది, లోపల ‘స్కాటిష్ నాటకం’ అంటారు. 1849 మే 10న న్యూయార్క్‌లో ఇద్దరు పోటీ మాక్‌బెత్‌ల అభిమానుల గొడవ ఆస్టర్ ప్లేస్ అల్లరిగా మారి ఇరవై మందికి పైగా చనిపోయారు, అది నిజం. మిగతాదానికి కారణాలు మామూలువి: చీకటి రంగాలెక్కువ, కత్తియుద్ధాలెక్కువ. రిహార్సల్లో చివరి పోరును మొదట పావు వేగంతో, లైట్లన్నీ వేసి చేయించండి. ప్రతి ప్రదర్శనకు ముందు ఒకసారి మళ్లీ నడిపించండి.